పూల ఫొటో కోసం దారి దిగొద్దు

నేను అమెరికా నుంచి సెలవులకి తిరుపతి వచ్చినప్పుడు మా వీధి అబ్బాయి ఇంటికొచ్చాడు. చదువుకోడానికి ఒహాయో వెళ్తున్నాడు, చేతిలో కొత్త కెమెరా. "అక్కా, అక్కడ అడవుల్లో ఫొటోలు తీస్తే ఏమైనా అంటారా?" అని అడిగాడు. కొత్తగా వచ్చే మీ అందరికీ పనికొస్తుందని, అతనికి చెప్పిందే రాస్తున్నా.

మన సరదాకి తీసుకునే ఫొటోలకి మామూలుగా ఎవరూ ఏమీ అనరు. దారి మాత్రం దిగొద్దు. తలకోనలో మనం ఎక్కడ పడితే అక్కడ దిగి తిరిగే అలవాటుతో వస్తాం. నేనూ అలాగే, మొదటి వసంతంలో పాపని తెల్లటి ట్రిలియం పూల మధ్య కూర్చోబెట్టడానికి రెండడుగులు లోపలికి వేశాను. అటుగా వెళ్తున్న ఒక పెద్దావిడ ఆగి, వంగి, నా చెప్పు పక్కనే వేలు పెట్టి చూపించింది. గోరంత ఆకు, మొక్కకి అదొక్కటే. అదీ ట్రిలియమే. కొన్నేళ్లు ఆ ఒంటి ఆకుతోనే బతికి, తర్వాత మూడాకులు వేసి, పూతకి రావడానికి ఏడేళ్లయినా పడుతుంది. విత్తనాలని చీమలు మోసుకెళ్లి నాటుతాయి. నా కాలి కింద అలాంటివి ఎన్ని నలిగాయో! ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

ఈ పూలు ఏప్రిల్, మే నెలల్లో, చెట్లు ఆకులతో కమ్ముకోకముందే పూస్తాయి. దారి అంచున మోకాళ్ల మీద కూర్చుని, పువ్వు ఎత్తుకి కెమెరా దించండి. మబ్బు పట్టిన రోజైతే తెల్ల రేకుల మీది సన్నటి గీతలు కూడా ఫొటోలో పడతాయి.

జింక మేత ఆపి తలెత్తి మీవైపు చూసిందంటే, అప్పటికే దగ్గరికి వెళ్లిపోయారని అర్థం. అక్కడే ఆగండి. జూన్‌లో గడ్డిలో చుక్కల పిల్ల ఒంటరిగా కనిపిస్తే తప్పిపోయిందనుకోకండి, తల్లి మేతకెళ్లింది. ముట్టుకోవద్దు, తిండి పెట్టొద్దు. 2023లో చిరుత దాడుల తర్వాత అలిపిరి మెట్ల దారిలోనూ జంతువులకి తిండి పెట్టొద్దన్నారు కదా, అక్కడా అంతే.

నిండు ప్యాంటు వేసుకుని, అంచులు సాక్సుల్లోకి దోపండి. మన గొడ్లకి పట్టే పిడుదుల్లాంటివే అక్కడ మనుషులకీ పడతాయి, వాటివల్ల లైమ్ అనే జబ్బు వస్తుంది. ఇంటికి రాగానే ఫొటోలు చూసుకునే ముందు మోకాళ్ల వెనక, చెవుల వెనక ఒకసారి తడిమి చూసుకోండి.