పెళ్లికూతురి ముఖం మీద బ్రష్ పెట్టే ముందు

వడపళని, చెన్నై

చిట్టితల్లీ,

పెదనాన్న ఆశీస్సులు. ఫొటోషాప్‌లో నువ్వు దిద్ది పంపిన రెండు పెళ్లికూతురి ఫొటోలూ పెద్ద స్క్రీన్ మీద వేసి చూశాను. ఫొటోలు బాగా తీశారు, ముఖంలో కళ ఉంది. కానీ చర్మం మీద నీ పని ఎక్కువైంది. అమ్మాయి మైనపు బొమ్మలా తయారైంది. రెండో ఫొటోలో బుగ్గచుక్క సగం చెరిగిపోయింది, గమనించావా? అది మొటిమో, పెళ్లికూతురికి పెట్టిన చుక్కో మచ్చలు చెరిపే స్పాట్ హీలింగ్ బ్రష్‌కి తెలియదు. అది నువ్వే చూసుకోవాలి.

ముందు ఫొటో మొత్తం స్క్రీన్‌లో కనబడేలా పెట్టుకుని కాసేపు ఊరికే చూడు. వారం పది రోజుల్లో వాటంతట అవే పోయేవి తీసెయ్. మొటిమ, దోమకాటు, చెంపకి అంటుకున్న వెంట్రుక, కాటుక మరక, ఇలాంటివి. పుట్టుమచ్చ, పాత గాయం గుర్తు, నవ్వితే పడే గీతలు ఆమెవి. తను అడిగితే తప్ప వాటి జోలికి పోకు. వాళ్లమ్మగారు అడిగినా సరే, అమ్మాయిని ఒకమాట కనుక్కో.

తీసే పని అసలు ఫొటో మీద చేయొద్దు. పైన ఖాళీ లేయర్ (ఫొటో మీద పరిచే పారదర్శకమైన పొర) వేసి, హీలింగ్ బ్రష్‌కి శాంపిల్ దగ్గర కరెంట్ అండ్ బిలో (ఈ లేయరూ, దాని కిందివీ) పెట్టుకో. బ్రష్ మొటిమకంటే ఒక పిసరు పెద్దగా ఉంటే చాలు. ఆల్ట్ నొక్కి తీసుకునే చర్మం ఆ పక్కదే అయ్యుండాలి. నుదుటిది తెచ్చి బుగ్గకి వేస్తే పోర్స్ (చర్మరంధ్రాలు) కలవవు. ఈ బ్రష్ గరుకుని, అంటే చర్మం టెక్స్చర్‌ని, తీసుకున్న చోటి నుంచి తెస్తుంది, రంగూ వెలుగూ మాత్రం వేసిన చోటివే కలుపుకుంటుంది. అందుకే జుట్టు అంచున, పెదవి అంచున వాడితే నల్లగానో ఎర్రగానో అలుక్కుపోతుంది. అక్కడ ఉన్నదున్నట్టు కాపీ చేసే క్లోన్ స్టాంపే వాడాలి.

ఇక ఫ్రీక్వెన్సీ సెపరేషన్. పద్ధతి మంచిదే, రంగు కింది లేయర్‌లో, గరుకు పై లేయర్‌లో విడిగా ఉంటాయి. కింది లేయర్‌ని మసకబరిచే గాసియన్ బ్లర్ రేడియస్‌కి ఎవరో చెప్పిన అంకె పట్టుకు కూర్చోకు. ఫొటోలో ముఖం ఎంత పెద్దగా ఉందో దాన్నిబట్టి అది మారుతుంది. పోర్స్ కనబడకుండా పోయిన చోటే ఆగిపో. తర్వాత పై లేయర్‌లో గరుకు మాత్రమే మిగలడానికి, 8 బిట్ ఫైల్ అయితే అప్లై ఇమేజ్‌లో సబ్‌ట్రాక్ట్, స్కేల్ 2, ఆఫ్‌సెట్ 128. 16 బిట్ అయితే యాడ్, ఇన్వర్ట్‌కి టిక్కు, స్కేల్ 2, ఆఫ్‌సెట్ 0. రెండిట్లోనూ పై లేయర్ బ్లెండ్ మోడ్ లీనియర్ లైట్. ఇంతవరకు నువ్వు సరిగ్గానే చేశావు. తర్వాత కింది లేయర్ మొత్తాన్నీ ఒకేసారి బ్లర్ చేసేశావు. దాంతో ముక్కు పక్క నీడా దవడ కింది నీడా కలిసిపోయి ముఖం చదునైపోయింది. మచ్చ ఉన్నంత మేరకే లాసోతో చుట్టూ గీసి పట్టుకుని, ఫెదర్ ఇచ్చి (అంచు మెత్తబరిచి), వెలుగూ నీడా కలిసే చోటు దాటకుండా బ్లర్ చెయ్.

నన్నడిగితే ఈ పద్ధతి అవసరమయ్యే ఫొటోలు తక్కువే. డాడ్జ్ అండ్ బర్న్ నేర్చుకో, అంటే కావలసిన చోట వెలుగు పెంచడం, తగ్గించడం. వెలుగుకి ఒక కర్వ్స్ లేయర్, నీడకి ఒకటి, రెండిటి మాస్కులూ (లేయర్ ఎక్కడ పనిచేయాలో చెప్పేవి) నల్లగా నింపి, తెల్ల బ్రష్‌తో ఫ్లో 1, 2 శాతం పెట్టి మెల్లగా వేసుకుంటూ పోవడమే. ఫిల్ము రోజుల్లో సన్నగా చెక్కిన పెన్సిల్‌తో నెగెటివ్ మీద చేసిన పని ఇదే. ప్రింటులో నల్లగా వచ్చే ముడత నెగెటివ్‌లో పల్చగా ఉంటుంది, అక్కడ పెన్సిల్ తాకిస్తే ప్రింటులో నలుపు తగ్గుతుంది. ముడత పోదు, మెత్తబడుతుంది. కళ్ల కింద నలుపు కూడా సగం తగ్గించి వదిలెయ్.

మే నెల ముహూర్తాల్లో మన చెన్నై ఉక్కకీ ఫ్లాష్‌కీ నుదురూ ముక్కూ మెరిసిపోతాయి. పూర్తిగా తెల్లబోయిన చోట వెలుగు ఎంత తగ్గించినా చర్మం రాదు, బూడిదరంగు వస్తుంది. కొత్త లేయర్ మీద క్లోన్ స్టాంప్‌ని డార్కెన్ మోడ్‌లో (తెల్లటి చోటే మారేలా), ఒపాసిటీ 15, 20 శాతంలో పెట్టి పక్క చర్మం అద్దు. మెరుపు కొంత ఉండనీ. పసుపు వల్ల ముఖం మెడకంటే పచ్చగా పడితే హ్యూ సాచురేషన్‌లో యెల్లోస్ మాత్రమే తగ్గించు, అదీ ముఖానికి మాస్క్ వేసి. లేకపోతే నగలూ చీర జరీ వెలవెలబోతాయి.

తెల్లగా చెయ్యమని అడుగుతారు. చెయ్యకు. ముఖం తెల్లబెడితే తలంబ్రాల ఫొటోలో చేతులు పట్టిచ్చేస్తాయి. అదొక్కటే కాదు, ఆ పిల్ల ఈ ఆల్బమ్‌ని జీవితాంతం చూసుకుంటుంది. నీ రంగు బాగోలేదని దిద్దాం అని తన పెళ్లి ఆల్బమే తనకి చెప్పడం నాకు ఘోరంగా అనిపిస్తుంది. చామనఛాయకి కావలసింది సరైన వైట్ బ్యాలెన్స్, కళ్ల మీదికి కాస్త వెలుగు. ఆ రెండూ చేసి, ముందుదీ తర్వాతదీ పక్కపక్కన పెట్టి పెళ్లివారికి చూపించు. అయినా పట్టుబడితే మీ ఓనర్‌గారితో మాట్లాడించు, ఆ టెన్షన్ నువ్వు పెట్టుకోకు.

ఇంకొకటి. 12 బై 36 అంగుళాల ఆల్బమ్ షీటంటే 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) 3600 బై 10800 పిక్సెళ్లు. అందులో ముఖం ఎంత వస్తుందో లెక్క చూసుకుని, ఆ సైజులో కనబడేదే దిద్దు. జూమ్ 300 శాతం పెట్టుకుని అర్ధరాత్రిదాకా కూర్చోవద్దు, కళ్లు పాడవుతాయి.

ఆ రెండు ఫొటోలూ మళ్లీ చేసి, ఫ్లాటెన్ చేయకుండా (లేయర్లన్నీ ఒకటిగా కలపకుండా) లేయర్లతోనే పీఎస్‌డీ, అంటే ఫొటోషాప్ ఫైల్, పంపు. ఏ లేయర్‌లో చెయ్యి ఎక్కువ పడిందో ఆదివారం ఫోన్లో చెబుతాను.

మీ పెదనాన్న