మచ్చల సీరం ముందు ఒక చెంపకే రాసి చూడండి

చెంపల మీద నల్ల మచ్చలు వచ్చాయి, పది శాతం నియాసినమైడ్ (విటమిన్ బి3లో ఒక రకం) సీరం కొందామనుకుంటున్నాను, నిజంగా పనిచేస్తుందా అని అడిగారు. పనిచేస్తుంది. కానీ అన్ని మచ్చల మీదా ఒకేలా కాదు, సన్‌స్క్రీన్ రాయకపోతే ఏ సీరమూ నిలబడదు. నేను ఎలా వాడి చూశానో చెబుతాను.

ముందు మచ్చ ఏ రకమో చూసుకోండి. మొటిమ మానాక మిగిలే గోధుమరంగు చుక్క వేరు, మంగు వేరు. మంగు రెండు చెంపల మీదా ఇంచుమించు ఒకేలా పరుచుకుంటుంది, దాని అంచు ఎక్కడో సరిగ్గా తెలియదు. కడుపుతో ఉన్నప్పుడు, గర్భనిరోధక మాత్రలు వాడేటప్పుడు ఎక్కువగా వస్తుంది. ఇంట్లో అమ్మకో అక్కకో ఉంటే మనకూ వచ్చే అవకాశం ఎక్కువ. మొటిమ మచ్చ మాట వింటుంది, మంగు మొండిది. నాకు రెండూ ఉన్నాయి.

ఇల్లు విజయవాడ, ఉద్యోగం గుంటూరు. బస్సులో ఎడమవైపు కిటికీ దగ్గర కూర్చోవడం అలవాటు. గుంటూరు మనకు నైరుతి దిక్కున ఉంది కాబట్టి పొద్దున వెళ్లేటప్పుడూ ఎండ ఎడమవైపే, సాయంత్రం తిరిగొచ్చేటప్పుడూ ఎడమవైపే. అద్దం మూసుకున్నా పెద్దగా లాభం లేదు. చర్మాన్ని కమిలించే యూవీబీ కిరణాల్ని అద్దం ఆపుతుంది గానీ, రంగు ముదిరేలా చేసే యూవీఏ చాలావరకు లోపలికి వచ్చేస్తుంది. నాకు ఎడమ చెంప మీదే మంగు ఎక్కువ, కారణం ఆ సీటేనని నా నమ్మకం. అందుకే సీరం ఎడమ చెంపకే రాశాను. కుడివైపు రాయలేదు. సన్‌స్క్రీన్ మాత్రం రెండువైపులా. ఎండ ఎక్కువ తగిలే చెంపే ముందు తేరుకుంటే అది సీరం వల్లేనని గట్టిగా చెప్పవచ్చు కదా. మొహమంతా ఒకేసారి రెండూ రాసేస్తే దేనివల్ల తగ్గిందో ఎప్పటికీ తెలియదు. మీరూ ఇలాగే చేయండి, ఆ రోజుల్లో ఇంకే కొత్త క్రీమూ మొదలుపెట్టకండి.

సీరం 5 శాతానిది తీసుకున్నాను. మచ్చల మీద జరిగిన పరిశోధనల్లో ఎక్కువగా వాడింది 4, 5 శాతమే. సీసా మీద 10 అని ఉంటే రెట్టింపు పనిచేస్తుందని కాదు, మంట మాత్రం కొందరికి ఎక్కువవుతుంది. మొహానికి రాసేముందు చెవి వెనక ఓ వారం రాసి చూడండి. దురద, ఎర్రదనం వస్తే అక్కడితో ఆపేయడమే.

ఫొటోలు తప్పనిసరి. రోజూ అద్దంలో చూసుకునే మొహంలో మార్పు మనకు తెలియదు. ఒకే కిటికీ దగ్గర, పొద్దున ఒకే వేళకి, ఫోన్‌లో బ్యూటీ మోడ్ తీసేసి తీయండి. రెండు వారాలకే తేడా వెతుక్కుని టెన్షన్ పడకండి. చర్మం పైపొర మారడానికే నాలుగు వారాలు పడుతుంది, వయసు పెరిగేకొద్దీ ఇంకా ఎక్కువ. నియాసినమైడ్ చేసే పని, రంగు తయారుచేసే కణాల నుంచి ఆ రంగు పై కణాల్లోకి చేరకుండా అడ్డుకోవడం. ఇప్పటికే పైన చేరిపోయిన రంగు దానంతటది రాలిపోవాలి. అందుకే కనీసం రెండు మూడు నెలలు ఆగాలి.

నాకు వచ్చిన ఫలితం ఇది. ఎడమ చెంప మీద మొటిమల చుక్కలు బాగా తగ్గాయి, దవడ దగ్గరివి దాదాపు పోయాయి. మంగు పలచబడింది, పోలేదు. నన్ను ఆశ్చర్యపరిచింది మాత్రం కుడి చెంప. సీరం చుక్క తగలకపోయినా అక్కడ కూడా మచ్చల రంగు తగ్గింది, ఫొటోలు పక్కపక్కన పెడితే స్పష్టంగా కనిపించింది. అంటే నా మచ్చలు తగ్గడంలో పెద్ద వాటా సన్‌స్క్రీన్‌దే. మీ దగ్గర ఒక్కదానికే డబ్బులుంటే అదే కొనండి.

అది కూడా బఠాణీ గింజంత రాస్తే చాలదు. చూపుడు వేలు, మధ్య వేలు పొడవునా రెండు గీతలు వేసుకుని అంతా మొహానికి, మెడకు పట్టించాలి. ఎస్‌పీఎఫ్, అంటే ట్యూబు మీద ఉండే ఎండ రక్షణ అంకె, 30కి తగ్గకూడదు. మే నెలలో మా విజయవాడ బెంజి సర్కిల్ దగ్గర కాసేపు నిలబడితే రాసిందంతా చెమటతో చున్నీకి అంటుకుపోతుంది కాబట్టి తుడుచుకోకుండా అద్దుకోండి, మధ్యాహ్నం మళ్లీ రాయండి. మంగు ఉన్నవాళ్లకు ఐరన్ ఆక్సైడ్ (రంగునిచ్చే ఖనిజం) కలిసిన లేతరంగు సన్‌స్క్రీన్ ఇంకా మంచిది. మనలాంటి చామనచాయ వాళ్లకు మామూలు వెలుతురు కూడా మంగును ముదరబెడుతుంది, తెల్ల సన్‌స్క్రీన్ ఆ వెలుతురును సరిగా ఆపలేదు. పొయ్యి సెగ దగ్గర ఎక్కువసేపు ఉండటం కూడా మంచిది కాదు.

నిమ్మరసం రాయమని ఎవరో ఒకరు చెబుతారు, వద్దు. అది రాసుకుని ఎండలోకి వెళ్తే చర్మం కాలి కొత్త మచ్చ పడవచ్చు.

అంతకంటే భయపడాల్సినవి రెండున్నాయి. పేరూ పదార్థాలూ సరిగా రాయని తెల్లబరిచే క్రీముల్లో పాదరసం ఉండవచ్చు. 2023లో కేరళలోని మలప్పురం జిల్లాలో అలాంటివి వాడినవాళ్లకు కిడ్నీ జబ్బు బయటపడింది. రెండోది, మందుల షాపులో "ఇది రాయండమ్మా, వారంలో తెల్లబడతారు" అని ఇచ్చే ట్యూబు. వాటిలో చాలావాటిలో రంగు తగ్గించే హైడ్రోక్వినోన్, చర్మం పైపొరను త్వరగా మార్చే ట్రెటినోయిన్‌తో పాటు మొమెటసోన్ అనే స్టెరాయిడ్ ఉంటుంది. డాక్టరు చూస్తూ కొద్దివారాలు వాడిస్తే అది మందే. సొంతంగా నెలల తరబడి రాస్తే చర్మం పలచబడి, ఎండ తగలగానే ఎర్రబడి, మొటిమలు, నూగు వెంట్రుకలు వస్తాయి. మా పిన్ని చెంపల మీద సన్నటి ఎర్ర నరాలు ఇప్పటికీ కనిపిస్తాయి. 2018లో కేంద్రం 14 రకాల స్టెరాయిడ్ పూత మందుల్ని డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాలని నిబంధన పెట్టింది, అయినా అడిగితే చేతిలో పెడుతూనే ఉన్నారు.

మూడు నెలలకూ మార్పు లేకపోయినా, మచ్చ పెరుగుతున్నా, ఉబ్బుతున్నా చర్మ వైద్యుల దగ్గరికి వెళ్లండి. విజయవాడలో అయితే సూర్యారావుపేటలో ఎవరో ఒకరు దొరుకుతారు. కడుపుతో ఉంటే ట్రెటినోయిన్, హైడ్రోక్వినోన్ జోలికి పోవద్దు. మచ్చలకు వాడే అజెలాయిక్ యాసిడ్ అనే పూత మందు వాడవచ్చేమో డాక్టర్ని అడగండి. మీరు ఇప్పటికే స్టెరాయిడ్ ఉన్న ట్యూబు వాడుతుంటే ఇది చదివి ఒక్కసారిగా మానేయకండి, మొహం మండి ఎర్రగా పొంగుతుంది. ఆ ట్యూబు వెంట తీసుకెళ్లి చూపిస్తే మెల్లగా ఎలా తగ్గించాలో వాళ్లే చెబుతారు.