టీవీ యాంకర్‌గా వచ్చిన పేరు మేయర్ కుర్చీలో ఎంతవరకు పనికొస్తుంది?

టీవీలో రోజూ కనిపించే మనిషి మేయర్ అయితే ఊరు బాగుపడుతుందా, లేక మాటలతోనే కాలం గడిచిపోతుందా అని అడిగారు. దీనికి అమెరికాలోని ఓక్లహోమా సిటీ మాజీ మేయర్ మిక్ కార్నెట్ ఉదాహరణ సరిగ్గా సరిపోతుంది. (టీవీ టాక్ షోతో పేరొచ్చిన జెర్రీ స్ప్రింగర్ పేరు చెప్పేవాళ్లూ ఉంటారు. ఆయనది తిరగేసిన వరస. ముందు 1977-78లో సిన్సినాటీ మేయర్, టీవీ ఆ తర్వాతే.)

కార్నెట్ 1958లో అదే ఊళ్లో పుట్టారు. స్థానిక కేఓసీఓ ఛానెల్‌లో చాలా ఏళ్లు కనిపించారు. ఎక్కువ కాలం స్పోర్ట్స్, తర్వాత వార్తలు. 2001లో సిటీ కౌన్సిల్‌కి, 2004 మార్చిలో మేయర్‌గా గెలిచారు. 2018 దాకా అదే కుర్చీలో ఉన్నారు. ఆ ఊళ్లో నాలుగుసార్లు మేయర్‌గా ఎన్నికైన మొదటి మనిషి ఆయనే.

ముందు ఆ కుర్చీ సంగతి తెలియాలి. అక్కడ రోజువారీ పాలన అంతా కౌన్సిల్ నియమించే సిటీ మేనేజర్ అనే అధికారి చేతిలో ఉంటుంది. కౌన్సిల్‌లో 8 వార్డుల సభ్యులు, మేయర్‌తో కలిపి 9 ఓట్లు. మేయర్‌దీ అందులో ఒక్క ఓటే. జీతం ఏడాదికి 24,000 డాలర్లు, అంటే లెక్కకి పార్ట్‌టైమ్ ఉద్యోగం. అలాంటి చోట మేయర్‌కి మిగిలే అసలు ఆయుధం మాట. టీవీ మనిషి సరిగ్గా అతికేది ఇక్కడే.

2007లో ఒక ఫిట్‌నెస్ పత్రిక వేసిన జనం లావుగా ఉన్న నగరాల జాబితాలో ఓక్లహోమా సిటీ ఉంది. ఇంకో మేయరైతే ఖండన ప్రకటన ఇచ్చి ఊరుకునేవాడు. ఈయన డిసెంబర్ 31న జూకి వెళ్లి, ఏనుగుల ముందు నిలబడి, ఊరంతా డైటింగ్ మొదలుపెడుతోంది, కలిసి 10 లక్షల పౌండ్ల బరువు తగ్గుదాం అన్నారు. అప్పటికి తనే వారానికో పౌండు చొప్పున 40 పౌండ్ల దాకా తగ్గి ఉన్నారు. కొత్త సంవత్సరం ముందురోజు, కెమెరాకి ఏనుగులు, హెడ్‌లైన్‌కి గుండ్రని అంకె. న్యూస్‌రూమ్‌లో పనిచేసినవాడికే తట్టే లెక్క ఇది. 2012 జనవరికి ఆ అంకె దాటారు, పేర్లు నమోదు చేసుకున్నవాళ్లు దాదాపు 47,000 మంది. తలా 21 పౌండ్లన్నమాట. అయితే వెబ్‌సైట్‌లో ఎవరి బరువు వాళ్లే టైప్ చేసుకున్నారు, కాబట్టి దీన్ని వైద్య ఫలితంగా చూపించకండి. నా దృష్టిలో దాని అసలు లాభం వేరే. అంతా కార్ల కోసం కట్టుకున్న ఊళ్లో ఫుట్‌పాత్‌ల గురించి మాట్లాడే చనువు ఆ ప్రచారంతో వచ్చింది.

ఆ చనువు డబ్బుగా మారింది 2009 డిసెంబర్ ఓటింగ్‌లో. మ్యాప్స్-3 అనే పథకం అది: డాలర్‌కి ఒక సెంట్ సేల్స్ ట్యాక్స్, 7 ఏళ్ల 9 నెలలు, అంచనా 77 కోట్ల 70 లక్షల డాలర్లు. 70 ఎకరాల పార్కు, స్ట్రీట్‌కార్, కన్వెన్షన్ సెంటర్, నది ఒడ్డు పనులు, కాలిబాటలు, వృద్ధులకు వెల్‌నెస్ సెంటర్లు అన్నీ అందులోవే. ఆర్థిక మాంద్యం దెబ్బ ఇంకా ఉన్నా 54 శాతం మంది అవునన్నారు. కిటుకు ఏమిటంటే, 2008లో బాస్కెట్‌బాల్ అరీనా కోసం ఓటర్లు ఒప్పుకున్న సెంట్ పన్ను 2010 మార్చితో అయిపోతోంది, ఇది ఏప్రిల్‌లో మొదలవుతుంది. అంటే కొట్లో బిల్లు ఒక్క సెంట్ కూడా పెరగదు. దీన్ని ఒక్క ముక్కలో చెప్పొచ్చు, జనం మళ్లీ పక్కింటివాళ్లకీ చెప్పొచ్చు.

అప్పు లేకుండా కట్టే ఈ పద్ధతి ఆయన కనిపెట్టింది కాదు. 1993లో అప్పటి మేయర్ రాన్ నోరిక్ హయాంలో మొదటి మ్యాప్స్‌తోనే వచ్చింది. వసూలైన డబ్బుతోనే పని, కాబట్టి వడ్డీ ఉండదు. ఇబ్బందీ అక్కడే ఉంది. డబ్బు నెలనెలా చుక్కచుక్కగా వస్తుంది, ఈలోగా నిర్మాణ ఖర్చులు పెరుగుతాయి. మొదటి మ్యాప్స్‌లో డబ్బు చాలక 1998లో ఇంకో 6 నెలలు పొడిగించమని మళ్లీ ఓటు అడగాల్సి వచ్చింది. మ్యాప్స్-3లో ఇంకో మెలిక: బ్యాలెట్ మీద పన్ను మాత్రమే ఉంది, పనుల జాబితా కౌన్సిల్ విడిగా చేసిన తీర్మానంలో ఉంది. పోలీసు, ఫైర్ సిబ్బంది సంఘాలు పథకాన్నే వ్యతిరేకించాయి. ఇలాంటప్పుడు జనం ఓటేసేది కాగితానికి కాదు, చెప్పే మనిషి మాటకి. తెలిసిన ముఖం నిజంగా విలువ చేసేది ఆ ఒక్క రోజే అంటాను.

పేరుకి హద్దు కూడా ఉంది. 2006లో కాంగ్రెస్ (అమెరికా పార్లమెంటు) సీటుకి రిపబ్లికన్ పార్టీ అభ్యర్థిని తేల్చే రనాఫ్‌లో, అంటే చివరి ఇద్దరి మధ్య జరిగే రెండో విడత ఓటింగ్‌లో, మేరీ ఫాలిన్ చేతిలో ఓడిపోయారు. 2018లో గవర్నర్ పదవికి జూన్ ప్రైమరీలో (అదే పార్టీలో అభ్యర్థిని ఎంచుకునే మొదటి విడత ఓటింగ్) అందరికంటే ముందున్నారు. ఆగస్టు రనాఫ్‌లో కెవిన్ స్టిట్ గెలిచారు. ఊళ్లో 14 ఏళ్లు నడిచిన మాట రాష్ట్రమంతటా నడవలేదు.

2009లో ఓటేయించిన స్ట్రీట్‌కార్ 2018 డిసెంబర్‌లో పట్టాలెక్కింది. పార్కు మొదటి భాగం 2019 సెప్టెంబర్‌లో తెరిచారు, కన్వెన్షన్ సెంటర్ 2021లో. ఈ మూడింటికీ మేయర్ కుర్చీలో ఉన్నది కార్నెట్ తర్వాత వచ్చిన డేవిడ్ హోల్ట్.