నాన్నగారి ఫిజియోథెరపీ మానకండి

అన్నా, మీ నాన్నగారికి పక్షవాతం వచ్చి నెలైందని, ఉదయగిరి నుంచి నెల్లూరుకు రోజూ తిప్పలేక ఫిజియోథెరపీ మానేశామని రాశారు. దయచేసి మానొద్దు. మొదటి మూడు నెలల్లోనే కదలిక ఎక్కువగా తిరిగొస్తుంది. మా అమ్మను డిశ్చార్జి చేసిన రోజు ఈ ముక్క ఎవరూ చెప్పలేదు, ఆ బాధ నాకింకా పోలేదు. టౌన్లో ఉన్నవాళ్లకు థెరపిస్టు ఇంటికొస్తాడు, మన పల్లెలకు మాత్రల చీటీ ఒక్కటే.

పది రోజులకోసారైనా వెళ్లి, వ్యాయామాలు నేర్చుకుని ఫోన్లో వీడియో తీసుకోండి. ఇంట్లో రెండు పూటలా చేయించండి. లేపేటప్పుడు పడిపోయిన చేతిని పట్టి లాగకండి, భుజం కీలు దెబ్బతింటుంది. నీళ్లు తాగితే పొలమారుతుంటే వెంటనే డాక్టరుకు చూపించండి. వైకల్యం మిగిలిపోతే సదరం స్లాట్ కోసం, అంటే వైకల్య సర్టిఫికెట్ ఇచ్చే వైద్య పరీక్షకు తేదీ కోసం, సచివాలయంలో అడగండి. పూర్తిగా మంచానికే పరిమితమైనవాళ్లకు నెలకు 15,000 రూపాయల పింఛను ఉంది.