కారుకు ముందు పాలిష్ చేయాలా, వ్యాక్స్ పూయాలా?

ముందు పాలిష్, ఆ తర్వాతే వ్యాక్స్. పాలిష్‌లో సాధారణంగా చాలా మెత్తటి రాపిడి పొడి ఉంటుంది. అది రంగు మీద ఉండే పారదర్శక పూతను, అంటే క్లియర్ కోట్‌ను, వెంట్రుకవాసి అరగదీసి సన్న గీతల్ని చదును చేస్తుంది. మామూలు వ్యాక్స్ దేన్నీ అరగదీయదు. పైన పొరలా నిలిచి నీళ్లు, దుమ్ము, పక్షి రెట్టల నుంచి రంగును కాపాడుతుంది. వరస తిప్పితే పూసిన వ్యాక్స్‌ను పాలిష్ గీకేస్తుంది, డబ్బు దండగ. రెండూ ఒకే సీసాలో కలిపి అమ్మేవీ ఉన్నాయి, వాటికి ఈ గొడవ లేదు.

కరీంనగర్ దారిలో గ్రానైట్ లారీల వెనక తిరిగే కారునే తీసుకోండి. పైన కూర్చున్న రాతిపొడిని కడక్కుండా రుద్దితే ఆ పొడే కొత్త గీతలు గీస్తుంది. బాగా కడిగి, ఆరనిచ్చి, నీడలో, రేకు చల్లగా ఉన్నప్పుడు మైక్రోఫైబర్ గుడ్డతో కొంచెం కొంచెంగా చేయాలి. వరంగల్ మే ఎండలో బానెట్ మీద లిక్విడ్ వ్యాక్స్ వేస్తే తుడిచేలోపే ఎండి మరకలు కడుతుంది.

మందంగా పూస్తే ఎక్కువ మెరుస్తుందని చాలామంది అనుకుంటారు. పలచటి పూతే చాలు, మిగిలింది ఎలాగూ గుడ్డకే పోతుంది. గోరు తగిలేంత లోతు గీత ఈ రెండింటితోనూ పోదు. మెరుపు కోసం నెలనెలా పాలిష్ చేయించకండి. అరిగిన క్లియర్ కోట్ తిరిగి రాదు.