రిఫరెన్సులతో మొదలుపెట్టమ్మా

కడప

చి. అమ్మణ్ణికి పెద్దనాయన ఆశీస్సులు.

వేరుశనగ రైతుల అప్పుల మీద నువ్వు రాసిన పేపరు చదివాను. కళ్యాణదుర్గం పల్లెల్లో నువ్వు పడిన కష్టం ప్రతి పేజీలో కనపడుతోంది. జర్నల్ వాళ్లు ఏపీఏ (అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ వాళ్ల స్టైల్ గైడు, అంటే వ్యాసం రాసే పద్ధతుల పుస్తకం) ఏడో ఎడిషన్ ప్రకారం పంపమన్నారనీ, ఆ ఫార్మాటింగ్ పని చివరి వారంలో డీటీపీ సెంటరుకు ఇస్తాననీ రాశావే, ఆ మాట ఒక్కటే నాకు నచ్చలేదు. మార్జిన్లు వాళ్లు సర్దగలరు. ఏ మాట ఏ పుస్తకంలో ఏ పేజీలో దొరికిందో నీకు తప్ప ఇంకెవరికి తెలుస్తుంది?

ముందు జర్నల్ వెబ్‌సైటులో రచయితలకిచ్చిన సూచనలు చదువు. వాటికీ స్టైల్ గైడుకూ తేడా వస్తే జర్నల్ మాటే చెల్లుతుంది. సీనియర్ల పాత పేపరు ముందు పెట్టుకుని దించవద్దు. 2009 నాటి ఆరో ఎడిషన్ పద్ధతిలో రాసినవి ఇంకా చేతులు మారుతున్నాయి. అప్పట్లో పుస్తకానికి ప్రచురణకర్త ఊరు కూడా రాసేవాళ్లు. 2019లో వచ్చిన ఏడో ఎడిషన్ దాన్ని తీసేసింది. ముగ్గురు, అంతకన్నా ఎక్కువమంది కలిసి రాసిన పేపరును వ్యాసం మధ్యలో చెప్పేటప్పుడు మొదటిసారి నుంచే మొదటి రచయిత ఇంటిపేరు, పక్కన ఎట్ ఆల్ (అంటే 'మరికొందరు'), సంవత్సరం ఉంటే చాలు.

పేజీ సంగతి ఒక పూటలో అయిపోతుంది. నాలుగు వైపులా అంగుళం మార్జిన్, అంతటా డబుల్ స్పేసింగ్, టైమ్స్ న్యూ రోమన్ 12, పేజీ నంబరు పైన కుడివైపు. రిఫరెన్సులు కొత్త పేజీలో మొదలవ్వాలి. ఒక్కో ఎంట్రీలో మొదటి లైను అంచుకు, మిగతావి అర అంగుళం లోపలికి. దాన్ని స్పేస్ బార్ కొట్టి జరపకు, వర్డులో హ్యాంగింగ్ ఇండెంట్ పెట్టు. లేకపోతే ఒక్క పదం మార్చగానే మొత్తం చెదిరిపోతుంది.

అసలు తిప్పలు మన పేర్లతో. ఏపీఏ పద్ధతిలో ఇంటిపేరు ముందు, కామా, తర్వాత పొడి అక్షరాలు. మన ఊళ్లో తెలుగు గ్రంథాలు సేకరించిన బ్రౌన్ దొరతో చిక్కు లేదు: బ్రౌన్, సి. పి. అదే పుట్టపర్తి నారాయణాచార్యుల వారి దగ్గరకు వచ్చేసరికి రిఫరెన్సులు తయారుచేసే సాఫ్ట్‌వేర్ చివరి మాటను ఇంటిపేరు అనుకుని ఆయన్ని నారాయణాచార్యులు, పి. చేసేస్తుంది. కావలసింది పుట్టపర్తి, ఎన్. రెడ్లతో ఇంకో తంటా. ఇంటిపేరు వదిలేసి రెడ్డి, కె. అని రాస్తే మన సీమలో అది ఎవరని వెతకాలి? అయితే రచయిత స్వయంగా రెడ్డినే ఇంటిపేరుగా వేసుకుని ఉంటే ఆయన ఇష్టమే నీకు రూలు. ప్రతి పేరూ టైటిల్ పేజీ తెరిచి చూసి రాయి. అది మనం ఆ మనిషికి ఇవ్వాల్సిన మర్యాద.

నీ పేరు ఎట్లా వెయ్యాలో కూడా ఇప్పుడే తేల్చుకో. పెళ్లయ్యాక ఇంటిపేరు మారినా పేపర్ల మీద ఒకటే పేరు ఉండనీ. ఆర్కిడ్ నంబరు, అంటే ఒక్కో పరిశోధకుడికి విడిగా ఇచ్చే గుర్తింపు నంబరు, ఉచితమే, ఈరోజే తీసుకో.

తెలుగు పుస్తకాల పేర్లు ఇంగ్లీషు లిపిలో రాసి, పక్కన చదరపు బ్రాకెట్లలో ఇంగ్లీషులో అర్థం ఇవ్వాలి. ఇంగ్లీషు పేపరు కదా అని తెలుగు పుస్తకాలను జాబితాలోంచి ఎత్తేస్తున్నారు పిల్లలు. నువ్వు ఆ పని చెయ్యకు తల్లీ.

రైతుల మాటలకు రిఫరెన్సు ఎట్లా ఇవ్వాలని అడిగావు. నీ పరిశోధన కోసం నువ్వే తీసుకున్న ఇంటర్వ్యూలు జాబితాలోకి రావు. ఫలానా మండలం రైతు అన్న మాట అని వ్యాసంలో స్పష్టంగా చెప్పు, చాలు. అప్పుల విషయం కాబట్టి అసలు పేర్లు వద్దు. మాట నలభై పదాలు, ఆపైన ఉంటే కోట్ గుర్తులు తీసేసి, విడి పేరాగా అర అంగుళం లోపలికి జరుపు. వాళ్ల మాటలను చక్కదిద్దే పని మాత్రం పెట్టుకోకు.

ప్లేజియరిజం, అంటే ఇతరుల రాతను కాపీ కొట్టారన్న మాట వస్తుందేమోనన్న టెన్షన్ వదిలెయ్. యూజీసీ 2018 నిబంధనల్లో ఇతర రచనలతో పది శాతం వరకు పోలికకు శిక్ష లేదు. మూలం చెప్పి కోట్ చేసినవి, రిఫరెన్సుల జాబితా ఆ లెక్కలోకే రావు. మూలం చెప్పకుండా నాలుగు మాటలు మార్చి రాసుకున్న పేరాలు ఏమైనా ఉంటే మాత్రం, అవి సాఫ్ట్‌వేర్‌కు దొరకకపోయినా ఇప్పుడే తీసెయ్.

రిఫరెన్సులు సర్దిపెట్టే జొటేరో సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది, వాడుకో. చదివిన రోజే పుస్తకం వివరాలు అందులో ఎక్కించు, డీఓఐ (ఆన్‌లైన్‌లో ఆ రచనకు ఇచ్చే శాశ్వత గుర్తింపు నంబరు) ఉంటే పూర్తి లింకుగా. అది తయారుచేసిన జాబితాను అట్లాగే నమ్మవద్దు, పెద్ద అక్షరాలు, ఇటాలిక్స్ దగ్గర తప్పులు వస్తాయి. చివరగా ప్రింటు తీసి, వ్యాసంలో ఉన్న ప్రతి పేరూ జాబితాలో ఉందా, జాబితాలోది వ్యాసంలో ఉందా అని పెన్సిలుతో టిక్కు పెడుతూ పో. పక్కన ఇంకొకరు చదువుతుంటే త్వరగా తెములుతుంది. మీ హాస్టల్లో స్నేహితురాలిని కూర్చోబెట్టుకో.

రిఫరెన్సుల పేజీ ఒక్కటి ఈ ఆదివారంలోపు నాకు పంపు. పేర్లు నేను చూస్తాను.

ఇట్లు,
పెద్దనాయన