డిక్లరేషన్స్ పేజీలో లేని క్యాంపర్‌కు పరిహారం వస్తుందా?

ప్రశ్న: నేను టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటూ హెచ్‌-1బి వీసా మీద ఉద్యోగం చేస్తున్నాను. గ్రీన్ కార్డు దరఖాస్తు నడుస్తోంది. ఒంగోలు నుంచి వచ్చిన అమ్మానాన్నలకు బిగ్ బెండ్ నేషనల్ పార్క్ చూపించాలని, పికప్ ట్రక్కు వెనక తొట్టిలో అమర్చుకునే పాత క్యాంపర్‌ను 2024 సెప్టెంబర్ 7న ఒక వ్యక్తి దగ్గర 17,500 డాలర్లకు కొన్నాను. రసీదు తీసుకోలేదు. అక్టోబర్ 12 రాత్రి ఫోర్ట్ స్టాక్‌టన్‌లో ఒక హోటల్ పోర్టికో కిందికి వెళ్లబోతే క్యాంపర్ పైకప్పు తగిలి చీలిపోయింది. ఎత్తు 10 అడుగులని రాసిన బోర్డు ఆ చీకట్లో, వానలో నాకు కనిపించలేదు. తడుస్తూ అమ్మ ఏడ్చిన తీరు మరచిపోలేను. నాన్న ఇక అమెరికా రానన్నారు. నాకు ఫుల్ కవరేజ్ ఉందని ఏజెంట్ ఫోన్‌లో ఎన్నోసార్లు చెప్పాడు. కంపెనీ మాత్రం ట్రక్కు మరమ్మతుకు డబ్బు ఇచ్చి, క్యాంపర్‌కు అయ్యే 14,300 డాలర్లు ఇవ్వబోమని డిసెంబర్ 5న ఉత్తరం పంపింది. హోటల్ వాళ్లు పోర్టికో కోసం 6,800 డాలర్లు కట్టమంటున్నారు. పదహారు నెలలుగా ఏజెంటును బతిమాలుతూనే ఉన్నాను. క్యాంపర్ అమ్మినాయన అక్టోబర్ మొదటి వారం తేదీతో రసీదు రాసిస్తానంటున్నాడు. అలా చేస్తే కొత్తగా కొన్న క్యాంపర్‌కు పాలసీ ఇచ్చే 14 రోజుల గడువులో పడతామని స్నేహితులు అంటున్నారు. కొన్న మూడో రోజున ఏజెంటుకు ఫొటోతో మెసేజ్ కూడా పెట్టాను. ఇప్పుడేం చేయాలి? మళ్లీ క్యాంపర్ కొంటే ఎలాంటి బీమా తీసుకోవాలి?

జవాబు: మీ ఉత్తరంలో చాలా భాగం ఆ రాత్రి గురించి, మీకు కనిపించని బోర్డు గురించి ఉంది. ఈ వివాదానికి ఆ రెండూ అక్కరలేదు. కొలిజన్ కవరేజ్ (ఢీకొన్నప్పుడు సొంత బండికి జరిగే నష్టానికి బీమా) ఉన్నప్పుడు నడిపినవారి పొరపాటు వల్ల జరిగిన ప్రమాదమైనా డిడక్టిబుల్ (నష్టంలో మీరే భరించవలసిన మొదటి భాగం) పోను మిగిలినది కంపెనీ ఇవ్వవలసిందే కాబట్టి, బోర్డు చూడకపోవడం మీ క్లెయిమ్‌కు అడ్డు కాదు. కేసును తేల్చేది మీరు చివర్లో ఒక్క వాక్యంలో చెప్పి వదిలేసిన మెసేజ్.

మీరు జతచేసిన పాలసీ 9వ పుటలోని మినహాయింపును పూర్తిగా చదవండి. డిక్లరేషన్స్ పేజీలో (వేటికి ఎంత బీమా ఉందో చూపే పాలసీ పుటలో) చూపని క్యాంపర్ బాడీకి జరిగిన నష్టం చెల్లించబోమని మొదటి సగం చెబుతుంది. కంపెనీ తన ఉత్తరంలో ఎత్తి రాసింది ఆ సగాన్నే. పాలసీ కాలంలో క్యాంపర్‌ను కొని, యజమాని అయిన 14 రోజుల లోపు దానికి బీమా ఇవ్వమని అడిగితే ఆ మినహాయింపు వర్తించదని రెండో సగం చెబుతుంది. అమెరికాలో విరివిగా వాడే నమూనా కారు పాలసీలోనూ ఇదే నిబంధన ఉంది. 14 రోజుల లోపు జరగవలసింది మీరు అడగడం, అంతేగాని ప్రమాదం కాదు. మీరు సెప్టెంబర్ 7న కొని 10న అడిగారు. ప్రమాదం 35వ రోజున జరిగినా అడిగిన తేదీ మారదు. మీ స్నేహితులకు అర్థం కానిది ఇదే.

అందువల్ల ఆ రసీదు జోలికి వెళ్లకండి. పరిహారం కోసం అబద్ధపు పత్రం సమర్పించడం టెక్సస్ పీనల్ కోడ్ 35.02 సెక్షన్ కింద నేరం. క్లెయిమ్ విలువ 2,500 డాలర్లు మొదలుకొని 30,000 డాలర్ల లోపు ఉంటే అది స్టేట్ జైల్ ఫెలనీ అవుతుంది, అంటే 180 రోజుల నుంచి రెండేళ్ల దాకా నిర్బంధం, 10,000 డాలర్ల వరకు జరిమానా. వీసా మీద ఉండి గ్రీన్ కార్డు కోసం ఎదురుచూస్తున్న మనిషికి మోసం నేరం కింద శిక్ష పడితే, జైలు కన్నా ఇమిగ్రేషన్ కష్టమే పెద్దది. పైగా అక్టోబర్‌లో కొన్నట్టు రసీదు పుట్టిస్తే, సెప్టెంబర్ 10న మీరు పంపిన ఫొటోయే మిమ్మల్ని అబద్ధాలకోరుగా నిలబెడుతుంది. మిమ్మల్ని గెలిపించగల ఒకే ఒక్క సాక్ష్యాన్ని మీ చేత్తోనే పాడు చేసుకున్నవారవుతారు. రాసిస్తానన్న ఆయన చేత, సెప్టెంబర్ 7న ఇంత సొమ్ముకు ఈ సీరియల్ నంబర్ గల క్యాంపర్‌ను అమ్మానని ఈనాటి తేదీతోనే నోటరీ ముందు అఫిడవిట్ చేయించండి. అందులో ఏ తప్పూ లేదు. మీ బ్యాంకు స్టేట్‌మెంటులో ఆయనకు వెళ్లిన సొమ్ము వివరాలు దానికి బలమిస్తాయి.

ఇక ఏజెంట్ మాటలు. ‘ఫుల్ కవరేజ్’ అన్న మాటకు పాలసీలో ఎక్కడా అర్థం లేదు. పాలసీ షరతును మార్చే అధికారం గాని, వదులుకునే అధికారం గాని ఏజెంటుకు లేదని టెక్సస్ ఇన్సూరెన్స్ కోడ్ 4001.052 సెక్షన్ చెబుతున్నది కాబట్టి, ఫోన్‌లో ఆయన ఎన్నిసార్లు భరోసా ఇచ్చినా కవరేజ్ పెరగదు. అయితే దరఖాస్తులు తీసుకొని కంపెనీకి చేర్చే వ్యక్తిని ఆ పనుల మేరకు 4001.051 సెక్షన్ కంపెనీ ఏజెంటుగానే చూస్తుంది. కాబట్టి ఆయనకు అందిన మీ అభ్యర్థన కంపెనీకి అందినట్టేనని వాదించడానికి గట్టి ఆధారం ఉంది. మెసేజ్ ప్రతిలో క్యాంపర్ ఫొటో కింద ‘దీన్ని నా పాలసీలో చేర్చండి’ అని మీరు రాయడం, నలభై నిమిషాల తర్వాత ‘గాట్ ఇట్, యూ ఆర్ ఆల్ సెట్’ అని ఆయన జవాబివ్వడం కనిపిస్తున్నాయి. అన్ని ఫోన్ కాల్స్ కన్నా ఈ రెండు వరుసలే విలువైనవి.

ఇంతటి ఆధారాన్ని ఫోన్‌లో పెట్టుకొని పదహారు నెలలు ఏజెంటును బతిమాలుతూ కూర్చోవడం క్షమించరాని అజాగ్రత్త. మెసేజ్ పంపాక సవరించిన డిక్లరేషన్స్ పేజీ వచ్చిందా అని ఒక్కసారైనా చూడలేదు. చూసి ఉంటే ఈ ఉత్తరం రాసే అవసరమే ఉండేది కాదు. మినహాయింపు వర్తిస్తుందని రుజువు చేయవలసింది కంపెనీ అయినా, దానికి ఉన్న వెసులుబాటు మీకు దక్కుతుందని రుజువు చేసే భారం టెక్సస్‌లో మీదే. కాబట్టి ఆ పాత ఫోన్ అమ్మకండి, మార్చకండి, మెసేజ్‌లు తుడిచేయకండి. స్క్రీన్‌షాట్ మాత్రమే చాలదు. ఏజెంట్ నంబరు, తేదీ, సమయం కనిపించేలా మొత్తం సంభాషణను భద్రపరచండి. ఫొటో అసలు ఫైలును, క్యాంపర్ మీద అతికించిన సీరియల్ నంబర్ పట్టీ ఫొటోను, మరమ్మతు అంచనాను, కంపెనీ తిరస్కరణ ఉత్తరాన్ని ఒకచోట పెట్టండి. పాలసీ పూర్తి ప్రతిని ఇవ్వమని కంపెనీని రాతపూర్వకంగా అడగండి.

కాలపరిమితి దగ్గర ఏమాత్రం అలసత్వం పనికిరాదు. ఒప్పంద ఉల్లంఘన దావాకు టెక్సస్‌లో మామూలుగా నాలుగేళ్లు. కాని చాలా పాలసీలు దాన్ని రెండేళ్ల ఒక రోజుకు కుదిస్తాయి, రెండేళ్ల కన్నా తగ్గిస్తే మాత్రమే ఆ షరతు చెల్లదు. తప్పుడు మాటలతో మోసపుచ్చారని ఇన్సూరెన్స్ కోడ్ 541వ అధ్యాయం కింద వేసే దావాకు రెండేళ్లే. ఆ రెండేళ్లు తిరస్కరణ నాటి నుంచి అని మీరనుకుంటే, ఏజెంట్ జవాబిచ్చిన నాటి నుంచి అని అవతలి లాయరు వాదిస్తాడు. కాబట్టి 2026 సెప్టెంబర్ 10నే చివరి తేదీగా పెట్టుకోండి. ఈ దావాకు కనీసం 61 రోజుల ముందు ఫిర్యాదు ఏమిటో, నష్టం ఎంతో, ఖర్చు ఎంతో చెబుతూ నోటీసు ఇవ్వాలి. లెక్కకు జూలై 11 దాకా సమయం ఉన్నా, మీ నోటీసు మే నెల దాటకుండా రిజిస్టర్డ్ పోస్టులో కంపెనీకీ ఏజెంటుకూ వేర్వేరుగా చేరాలి.

ఆ నోటీసులో అమ్మ కన్నీళ్లు, నాన్న మాటలు రాయవద్దు. కొన్న తేదీ, అడిగిన తేదీ, ఏజెంట్ జవాబు, 9వ పుటలోని రెండో సగం, 14,300లో మీ డిడక్టిబుల్ 1,000 పోను రావలసిన 13,300 డాలర్లు, చెల్లింపు ఆలస్యానికి 542వ అధ్యాయం కింద ఏడాదికి 18 శాతం వడ్డీ. ఇవి చాలు. అదే సమయంలో టెక్సస్ డిపార్ట్‌మెంట్ ఆఫ్ ఇన్సూరెన్స్‌కు ఫిర్యాదు చేయండి, అందుకు రుసుము లేదు. ఆ శాఖ సాక్ష్యాల తగాదాను తీర్చదు గాని, కంపెనీ చేత రాతపూర్వక సంజాయిషీ చెప్పిస్తుంది. ఆ సంజాయిషీ తర్వాత మీకు పనికొస్తుంది. అయినా చెల్లించకపోతే, 20,000 డాలర్ల వరకు వ్యాజ్యాలు వినే జస్టిస్ కోర్టులో లాయరు లేకుండానే దావా వేయవచ్చు. మీ సొమ్ము ఆ పరిధిలోనే ఉంది.

హోటల్ వాళ్ల 6,800 వేరే సంగతి. పోర్టికోకు జరిగింది వేరొకరి ఆస్తి నష్టం, దానికి మీ ట్రక్కు లయబిలిటీ కవరేజ్ (మీవల్ల ఇతరులకు జరిగిన నష్టాన్ని కట్టే బీమా) సరిపోతుంది. ఆస్తి నష్టానికి టెక్సస్ కనీస పరిమితే 25,000 డాలర్లు. క్యాంపర్ పేరు డిక్లరేషన్స్‌లో లేకపోవడం ఇక్కడ అడ్డు రాదు, ఎందుకంటే మీరు నడిపినది బీమా ఉన్న ట్రక్కును. వాళ్ల ఉత్తరాన్ని ఈ రోజే కంపెనీకి పంపండి. సొంతంగా డబ్బు కట్టకండి, ఏ కాగితం మీదా సంతకం చేయకండి. హోటల్ దావా వేయడానికి ప్రమాదం నాటి నుంచి రెండేళ్ల గడువు ఉంది కాబట్టి, అక్టోబర్ దాకా ఆ తలనొప్పి మిమ్మల్ని వదలదు.

మళ్లీ కొంటే, కారు పాలసీలో ఒక వరుసగా చేర్చడం కన్నా క్యాంపర్‌కు విడిగా పాలసీ తీసుకోవడమే మంచిదని నా అభిప్రాయం. కారు పాలసీలో చేర్చిన క్యాంపర్‌ను దింపి జాక్‌ల మీద నిలబెట్టినప్పుడు అది ఒరిగి పడినా, దొంగలు పట్టుకుపోయినా కంపెనీ కొత్త పేచీ పెట్టవచ్చు. ట్రక్కు మీద ఉన్నప్పుడూ, దింపినప్పుడూ కవరేజ్ ఉన్నదో లేదో రాతలో తీసుకోండి. పాత క్యాంపర్‌కు మార్కెట్ విలువ త్వరగా పడిపోతుంది కాబట్టి ముందే ఒప్పుకున్న విలువ మీద పాలసీ అడగండి. గుడారపు పందిరి, సోలార్ పలకలు, లోపలి సామాను ఎంతవరకు చేరతాయో చూడండి. మీ ట్రక్కు డ్రైవర్ తలుపు దగ్గర అతికించిన పట్టీ మీద, మనుషులూ సామానూ కలిపి మోయగల బరువు రాసి ఉంటుంది. మనుషులతో, సామానుతో కలిపి క్యాంపర్ బరువు దానికి లోబడి ఉండాలి, లేకపోతే కంపెనీకి మీరే ఒక సాకు ఇచ్చినట్టవుతుంది. అద్దెకిస్తే చాలా పాలసీలు చెల్లవు. బిగ్ బెండ్ దాకా వెళ్లినవారు టెక్సస్ సరిహద్దు ఊరు ప్రెసిడియో మీదుగా మెక్సికోలోకి బండి తీసుకుపోవాలనుకుంటే, అమెరికన్ కారు పాలసీలోని లయబిలిటీ బీమాను అక్కడి చట్టం గుర్తించదు, మెక్సికో బీమా విడిగా కొనాలి.